హ్వారెజ్ స్త్రీల హత్యలు - ఒక విలేకరి పరిశోధన

(నిజనిర్ధారణ పద్ధతులపై మహిళా కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిజనిర్ధారణ నివేదికలు ఎలా రాయాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. నియమాలు ఒక వరుసలో చెప్పడం నాకు చేతకాదు. చెప్పినా మీలో చాలామంది నాకంటే ఎక్కువ నివేదికలు రాసినవాళ్లే. అందుకని ఒక విలేకరి పని గురించి మాట్లాడతాను. ఆమె పేరు డయానా వాషింగ్టన్ వాల్డెజ్. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం అంచున ఉన్న ఎల్ పాసో నగరంలో, 'ఎల్ పాసో టైమ్స్' అనే దినపత్రికలో చాలా ఏళ్లు పనిచేసింది. నదికి అవతల మెక్సికోలో ఉన్న సియుదాద్ హ్వారెజ్ నగరంలో వరుసగా జరిగిన స్త్రీల హత్యల మీద పరిశోధన చేసి పుస్తకం రాసింది. ఆమె పట్ల నాకు గౌరవం ఉంది, ఆమెతో ఒక తగాదా కూడా ఉంది. రెండూ చెప్తాను. మన పనికి రెండూ అవసరమే అనుకుంటున్నాను.

ముందు ఆ ఊళ్ల సంగతి. ఎల్ పాసో, హ్వారెజ్ నిజానికి ఒకే లోయలో పుట్టిన ఊళ్లు. మధ్యలో రియో గ్రాండే నది. నది అంటున్నానే గానీ ఆ ప్రాంతంలో అది చాలాచోట్ల సిమెంటు గట్ల మధ్య పారే సన్నని కాలువలా ఉంటుంది. దాని మీద వంతెనలు ఉన్నాయి, నడిచి దాటవచ్చు. దాటగానే కూలి రేటు మారిపోతుంది, చట్టం మారిపోతుంది, మనిషి ప్రాణానికి కట్టే విలువ కూడా మారిపోతుంది. 2010లో హ్వారెజ్‌లో 3000 మందికి పైగా హత్యకు గురయ్యారు. అదే సంవత్సరం ఎల్ పాసోలో జరిగిన హత్యలు 5.

ఈ వ్యత్యాసం దానంతట అది వచ్చింది కాదు. అమెరికా పొలాల్లో పనికి మెక్సికన్ కూలీలను తీసుకెళ్లే బ్రసేరో పథకం 1964లో ఆగిపోయింది. తిరిగొచ్చిన మగవాళ్లకు పని చూపించాలని మెక్సికో ప్రభుత్వం 1965లో సరిహద్దు పారిశ్రామికీకరణ పథకం పెట్టింది. విడిభాగాలు సుంకం లేకుండా వస్తాయి, ఇక్కడ వాటిని కలిపి కూర్చి తిరిగి అవతలికి పంపిస్తారు. ఈ కర్మాగారాలనే మకీలదోరాలు అంటారు. పథకం పెట్టింది మగవాళ్ల నిరుద్యోగం పేరుతో, పనిలోకి తీసుకున్నది మాత్రం ఎక్కువగా పదహారు నుంచి పాతికేళ్ల లోపు ఆడపిల్లల్ని. వేళ్లు చురుగ్గా ఆడతాయట, యూనియన్లు పెట్టరట. ఈ వాదన మనకు కొత్త కాదు. 1994 జనవరి 1న ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక దక్షిణాది గ్రామాల నుంచి వచ్చే పిల్లలు ఇంకా పెరిగారు. ఊరి చివర ఎడారిలో అట్టపెట్టెలతో, చెక్కపలకలతో కట్టుకున్న ఇళ్లు. వీధి దీపాలు లేవు. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే బయల్దేరాలి, రెండో షిఫ్టు అయ్యేసరికి అర్ధరాత్రి. బస్సు దిగిన చోటి నుంచి ఇంటిదాకా చీకట్లో నడక. మన అచ్యుతాపురం వైపు, తడ వైపు తెల్లవారుజామున రోడ్డు పక్క బస్సుల కోసం నిలబడే ఆడపిల్లల్ని చూసినవాళ్లకు ఆ దృశ్యం వేరేగా వర్ణించనక్కర్లేదు.

1993 నుంచి ఆ ఎడారిలో ఆడపిల్లల శవాలు దొరకడం మొదలైంది. అంతకుముందు హత్యలు లేవని కాదు. ఆ సంవత్సరం నుంచి ఎవరో ఒకరు లెక్క పెట్టడం మొదలుపెట్టారు.

ఆ ఎవరో ఒకరి గురించి చెప్పకుండా వాల్డెజ్ దగ్గరికి వెళ్లడం అన్యాయం. ఎస్తేర్ చావెజ్ కానో అనే ఆమె హ్వారెజ్‌లో అకౌంటెంటుగా పనిచేసిన మనిషి. వయసు అరవైకి దగ్గరపడుతున్నప్పుడు, పత్రికల్లో లోపలి పేజీల్లో నాలుగు లైన్లుగా వస్తున్న ఆడవాళ్ల చావు వార్తల్ని కత్తిరించి ఒకచోట చేర్చడం మొదలుపెట్టింది. పేరు, వయసు, దొరికిన చోటు, శరీరం ఉన్న స్థితి. అకౌంటెంటు కాబట్టి పద్దు రాయడం తెలుసు. ఆమె పద్దు పోలీసుల పద్దుతో కలిసేది కాదు. ఆమెది ఎప్పుడూ ఎక్కువ. 1999లో కాసా అమీగా అనే సహాయ కేంద్రం పెట్టింది, 2009 డిసెంబరులో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. 1998లో బాధిత కుటుంబాలవాళ్లు 'ప్రతిధ్వని లేని గొంతులు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక బృందంగా ఏర్పడి, కరెంటు స్తంభాల మీద గులాబీ రంగు పూసి దాని మీద నల్లని శిలువలు వేశారు. 2001లో తల్లులు ఇంకో సంఘం పెట్టుకున్నారు. దాని పేరుకు 'మా కూతుళ్లు ఇంటికి తిరిగి రావాలి' అని అర్థం. అంటే బయటి నుంచి విలేకరి వచ్చేసరికే అక్కడ ఒక ఉద్యమం ఉంది, ఒక లెక్క ఉంది. పెద్ద పత్రికలో పేరు అచ్చయినవాళ్లే విషయాన్ని కనిపెట్టారని చరిత్ర రాసుకోవడం మనకు అలవాటైపోయింది. అందుకే ఈ మాట ముందు చెప్తున్నాను.

అయితే విలేకరి ఏం చేసింది?

వంతెన దాటింది. కొన్నేళ్ల పాటు ఇవతలికీ అవతలికీ తిరిగింది. తల్లులతో, పోలీసులతో, వకీళ్లతో, శవపరీక్ష చేసినవాళ్లతో, అమెరికా నిఘా సంస్థల మనుషులతో మాట్లాడింది. 2002 జూన్‌లో ఆమె పరిశోధన 'ఎల్ పాసో టైమ్స్'లో వరుస కథనాలుగా వచ్చింది. 2005లో స్పానిష్‌లో పుస్తకం వచ్చింది. దాని పేరును తెలుగులో చెప్పాలంటే 'స్త్రీల కోత: మెక్సికో ఎడారిలో వేట' అనాలి. 2006లో ఇంగ్లీషులో వచ్చింది. ఆ తర్వాత మాదకద్రవ్యాల ముఠాల యుద్ధం మీద 'మెక్సికన్ రౌలెట్' అనే ఇంకో పుస్తకం రాసింది. స్థూలంగా ఆమె వృత్తి జీవితమంతా ఆ ఒక్క సరిహద్దు మీదే గడిచింది.

ఇక్కడ సరిహద్దు ఆమెకు రెండు రకాలుగా ఉపయోగపడింది. ఆమె రాసేది ఇంగ్లీషు పత్రికలో. రాసి, రాత్రికి వంతెన ఇవతల తన ఇంట్లో పడుకోగలదు. బెదిరింపులు ఆమెకూ వచ్చాయి, కానీ హ్వారెజ్ పత్రికల్లో రాసేవాళ్లకు ఆ నది అడ్డం లేదు. 'ఎల్ దియారియో' పత్రికలో నేరవార్తలు రాసే అర్మాండో రోడ్రిగెజ్‌ను 2008 నవంబరు 13న ఇంటి ముందే కాల్చి చంపారు. కూతురు కారులో పక్కనే ఉంది. 2010 సెప్టెంబరులో అదే పత్రిక ఫోటోగ్రాఫర్ ఒకరిని చంపారు. అప్పుడు ఆ పత్రిక ముఠాలను ఉద్దేశించి, మా నుంచి మీకేం కావాలో చెప్పండి అని సంపాదకీయం రాసింది. ఊరిని ఎవరు పరిపాలిస్తున్నారో ఆ పత్రిక అంత బాహాటంగా ఒప్పుకుంది. అదే చివావా రాష్ట్ర రాజధానిలో మిరోస్లావా బ్రీచ్ అనే మహిళా విలేకరిని 2017 మార్చి 23న చంపారు. వాల్డెజ్ రాయగలిగిన దాంట్లో కొంత భాగం ఆమె ధైర్యం, కొంత భాగం ఆమె పాస్‌పోర్టు. మనం కూడా హైదరాబాద్ నుంచి నిజనిర్ధారణకు వెళ్లి సాయంత్రం రైలెక్కి తిరిగొచ్చేవాళ్లమే. మనకు మాట చెప్పిన మనిషి ఆ ఊళ్లోనే ఉండిపోతుంది. ఆమె పేరు రాయాలా వద్దా అని ప్రతిసారీ మనలో మనం వాదించుకోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పత్తి చేను గురించి చెప్పాలి.

2001 నవంబరు 6, 7 తేదీల్లో హ్వారెజ్ నడిబొడ్డున, రద్దీగా ఉండే కూడలి పక్కన, ఒకప్పుడు పత్తి పండించిన ఖాళీ స్థలంలో ఎనిమిది మంది స్త్రీల శవాలు దొరికాయి. ఎదురుగా మకీలదోరా యజమానుల సంఘం ఆఫీసు. వాళ్లలో ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకామె కర్మాగారంలో పనిచేసేది. ఆ రోజు పనికి కొన్ని నిమిషాలు ఆలస్యంగా వెళ్లిందని గేటు తియ్యలేదు. వెనక్కి తిరిగింది, మళ్లీ ఇంటికి రాలేదు. ఇంకొక పిల్లకు పదిహేనేళ్లు. మన వరంగల్, గుంటూరు వాళ్లకు పత్తి చేను అంటే వేరే చావులు గుర్తొస్తాయి. నాకు ఈ కేసు చదివిన తర్వాత రెండూ కలిసిపోయాయి.

తల్లులు కూతుళ్లు కనబడటం లేదని ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లినప్పుడు పోలీసులు 72 గంటలు ఆగి రమ్మన్నారు. ఎవరో బాయ్‌ఫ్రెండ్‌తో వెళ్లి ఉంటుందిలే అన్నారు. రాత్రిపూట బయట తిరిగే ఆడదానికి ఇలా జరగక ఏమవుతుంది అనే ధోరణిలో ఆ రాష్ట్రంలో బాధ్యత గల పదవుల్లో ఉన్నవాళ్లే 1990లలో బహిరంగంగా మాట్లాడారు. కొన్నేళ్ల కిందట నేను ఒక జిల్లా పోలీస్ స్టేషన్ బల్ల ముందు ఒక తల్లి పక్కన కూర్చుని ఉండగా రైటర్ తల ఎత్తకుండానే, "ఎవడితోనో లేచిపోయుంటదమ్మా, వారం చూడు" అన్నాడు. భాష స్పానిష్ అయితేనేం, తెలుగు అయితేనేం. ఆడపిల్ల కనబడకపోతే ముందు అనుమానించేది ఆమె నడతనే.

శవాలు దొరికాక పోలీసులకు ఎక్కడలేని చురుకు వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఇద్దరు బస్సు డ్రైవర్లను పట్టుకున్నారు. ఎనిమిది హత్యలూ తామే చేశామని, చనిపోయిన ప్రతి అమ్మాయి పేరూ ఇంటిపేర్లతో సహా చెప్పి మరీ ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ల ఒంటి మీద కాలిన గాయాలున్నాయి. ఆ రాష్ట్ర ఫోరెన్సిక్ విభాగాధిపతి ఆస్కార్ మైనెజ్ తనను సాక్ష్యం సృష్టించమన్నారని చెప్పి 2002 జనవరిలో ఉద్యోగం వదులుకున్నాడు. డ్రైవర్లలో ఒకరి తరఫు వకీలును 2002 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. పారిపోతున్న ఇంకెవరో నేరస్థుడనుకున్నామన్నారు. ఆ డ్రైవరు 2003 ఫిబ్రవరిలో జైల్లో చనిపోయాడు. రెండో అతనికి 2004లో 50 ఏళ్ల శిక్ష వేశారు, 2005లో పై కోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. ఇది మొదటిసారి కాదు. 1995లో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక రసాయన నిపుణుడిని పట్టుకుని కేసు తేలిపోయిందన్నారు. అతను జైల్లో ఉండగానే హత్యలు ఆగలేదు కాబట్టి, అతనే జైలు నుంచి డబ్బిచ్చి చంపిస్తున్నాడని 1996లో ఒక కుర్రాళ్ల ముఠాను, 1999లో కొందరు బస్సు డ్రైవర్లను పట్టుకున్నారు. ఆ తర్వాత అర్జెంటీనా నుంచి వచ్చిన ఫోరెన్సిక్ మానవ శాస్త్రజ్ఞుల బృందం పరీక్షిస్తే పత్తి చేనులో దొరికిన కొన్ని శవాలకు పోలీసులు పెట్టిన పేర్లే తప్పని తేలింది. ఆలోచించండి. ఒక తల్లి కొన్నేళ్లుగా వేరే తల్లి బిడ్డ సమాధి దగ్గర పూలు పెడుతూ వచ్చింది.

వాల్డెజ్ పుస్తకంలో నేను అన్నిటికంటే విలువైనదనుకునేది ఈ భాగం. ఒక్కొక్క అరెస్టు జరిగినప్పుడు అది ఒక్కొక్క వార్త. పోలీసు అధికారి ముసుగు వేసిన మనుషుల్ని కూర్చోబెట్టి విలేకరుల సమావేశం పెడతాడు, మర్నాడు పత్రికలో వస్తుంది, ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి జరిగిన ఆ అరెస్టుల్ని పక్కపక్కన పెట్టి చదివితే గానీ అది ఒక పద్ధతి అని అర్థం కాదు. హంతకుడిని పట్టుకోలేకపోవడం వేరు, పట్టుకున్నామని చెప్పడానికి ఒక పేదవాడిని వెతకడం వేరు. రెండో పని చేసినప్పుడు అసలు హంతకుడికి రాజ్యం రక్షణ కల్పించినట్టే.

మన దగ్గరా ఇది జరిగింది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం చేసి చంపారు. మీ అందరికీ ఆ కేసు తెలుసు. పోలీసులు ఒక పేద యువకుడిని పట్టుకొచ్చారు, 2010లో శిక్ష పడింది, 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అన్నది. అప్పటికి అతని యవ్వనంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయింది. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులు అతను హంతకుడు కాడని మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. ఆ మాటను వార్తలో ఒక మూలకు నెట్టారు తప్ప, పోలీసుల కథనంతో సమానంగా నిలబెట్టిన పత్రికలు ఎన్ని? ఇక 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య తర్వాత, డిసెంబరు 6న నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్‌లో చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. అది న్యాయం కాదని నిలబడ్డ కొద్దిమందిలో స్త్రీల సంఘాలవాళ్లు ఉన్నారు, వాళ్లు తిన్న తిట్లు కూడా మీకు తెలుసు. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. కాల్పులు జరిగిన వారంలోనో, నెలలోనో మనం అడిగిన ప్రశ్నలు ఆ నివేదికలో దాదాపు అలాగే ఉన్నాయి.

సరే, తగాదా సంగతికి వస్తాను.

వాల్డెజ్ పుస్తకం ఎక్కువ ప్రచారం పొందింది నేను ఇంతవరకు చెప్పిన భాగం వల్ల కాదు. హంతకులు ఎవరన్నదానికి ఆమె ఇచ్చిన జవాబు వల్ల. మాదకద్రవ్యాల వ్యాపారులతో పాటు పలుకుబడి గల సంపన్న కుటుంబాల మగవాళ్లు కొందరికి కొన్ని హత్యలతో సంబంధం ఉందని, పోలీసుల్లో కొందరు వాళ్లకు అండగా నిలిచారని ఆమె రాసింది. స్పానిష్ పుస్తకం పేరులో ఉన్న వేట అనే మాటకు అర్థం అదే. ఇందులో చాలా భాగం పేర్లు చెప్పని అధికారుల మాటల మీద ఆధారపడింది. ఆ ఆరోపణ ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. కాకపోవడానికి కారణం కోర్టులే కావచ్చు. అయినా మనం రాసేటప్పుడు, 'ఒక సీనియర్ అధికారి చెప్పిన దాని ప్రకారం' అన్న వాక్యం ఎంత బరువు మోయగలదో చూసుకోవాలి.

నా అభ్యంతరం రుజువు గురించి మాత్రమే కాదు. కోటల్లో ఉండే క్రూరులైన కొద్దిమంది ధనవంతులు చీకట్లో ఆడపిల్లల్ని వేటాడుతున్నారన్న కథ మనసును పట్టేస్తుంది. పాఠకుడికి ఆ కథలో తనకు చోటు లేదని ఊరట కూడా కలుగుతుంది. అతను వేటగాడు కాడు కదా! 2003 ఆగస్టులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక నివేదిక ఇచ్చింది. పదేళ్లలో హ్వారెజ్, చివావా నగరాల్లో 370 మందికి పైగా స్త్రీలు హత్యకు గురయ్యారని, వాళ్లలో కనీసం 137 మందిపై చంపేముందు లైంగిక హింస జరిగిందని అందులో ఉంది. ప్రపంచ పత్రికలన్నీ ఆ 137 చుట్టూ తిరిగాయి. మిగిలిన రెండు వందల ముప్పై పైచిలుకు మంది ఎవరు? చాలామందిని చంపింది భర్తలు, ప్రియులు, తెలిసినవాళ్లు, పొరుగువాళ్లు. హ్వారెజ్‌లోనే ఉండి పరిశోధన చేసిన సామాజిక శాస్త్రవేత్త హూలియా మోనారెజ్ ఈ హత్యలను రకరకాలుగా విడదీసి చూపించింది. ఒక వరుసలో జరిగిన లైంగిక హత్యలు వేరు, ఇంటి లోపల జరిగినవి వేరు, ప్రమాదకరమైన పనుల్లో ఉన్న స్త్రీల హత్యలు వేరు. అన్నిటినీ ఒకే కుట్రలో కలిపేస్తే ఏదీ సరిగ్గా కనబడదు. అలాగని విడదీసి, ఇంట్లో హత్యలు మామూలే కాబట్టి లెక్కలోంచి తీసేద్దాం అంటే, ఆ రాష్ట్ర అధికారులు చేసిందీ అదే. సంఖ్య తగ్గించడానికి వాళ్లకు అది బాగా పనికొచ్చింది.

2015 జూలైలో హ్వారెజ్ కోర్టు ఐదుగురు మగవాళ్లకు ఒక్కొక్కరికి 697 ఏళ్ల జైలుశిక్ష వేసింది. పదకొండు మంది యువతులను ఎత్తుకెళ్లి వ్యభిచారం చేయించి చంపి, ఊరికి దూరంగా ఒక వాగులో పడేసిన కేసు అది. నిందితులు కోటల్లో ఉండేవాళ్లు కారు. ఊరి నడిబొడ్డున చిన్న చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్లు, ముఠాల మనుషులు. ఉద్యోగం ఇస్తామని బోర్డు పెడితే వచ్చిన పిల్లలు వాళ్ల చేతిలో పడ్డారు. ముఠాలు, మనుషుల అమ్మకం, చూసీ చూడనట్టు ఊరుకునే యంత్రాంగం - వాల్డెజ్ చెప్పిన దాంట్లో ఈ భాగం నిలబడింది. వేటకు వచ్చిన పెద్దింటి మగవాళ్లు మాత్రం ఏ తీర్పులోనూ కనబడలేదు. ఇది చెప్పి ఆమెను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. తల్లులు ఎవరు చంపారని అడుగుతుంటే, విలేకరి నాకు తెలియదు అని చెప్పి ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనూ ఒక నివేదికలో తొందరపడి ఒక పేరు రాసి, అచ్చుకు ముందు మిత్రులు కోప్పడితే తీసేశాను.

మారిసెలా ఎస్కొబెదో సంగతి కూడా చెప్పాలి. హ్వారెజ్‌లో ఆమె పదహారేళ్ల కూతుర్ని 2008లో ఆ అమ్మాయితో కాపురం చేస్తున్నవాడే చంపాడు. ఇందులో కుట్ర లేదు, వేట లేదు. తల్లే తిరిగి తిరిగి వాడిని పట్టించింది. 2010లో న్యాయమూర్తులు సాక్ష్యం చాలదని వాడిని వదిలేశారు. ఆమె చివావా నగరంలో గవర్నర్ భవనం ఎదుట ధర్నాకు కూర్చుంది. 2010 డిసెంబరు 16న అక్కడే, కెమెరా చూస్తుండగా ఆమెను కాల్చి చంపారు. ఇంటి లోపలి హత్యకు, ఎడారిలో దొరికిన శవానికి మధ్య ఉన్న బంధం ఈ తల్లి చావులో కనబడుతుంది. రెండు చోట్లా చంపినవాడికి ఏమీ కాదన్న భరోసా ఒకటే. మార్సెలా లగార్దే అనే మెక్సికన్ స్త్రీవాది 'ఫెమినిసీదియో' అనే మాటకు అర్థం చెప్తూ, స్త్రీని స్త్రీ అయినందుకు చంపడంతో పాటు రాజ్యం శిక్షించకుండా వదిలెయ్యడాన్ని కూడా అందులో భాగంగా చేర్చింది ఇందుకే. మనం స్త్రీహత్య అని అనువదించుకుంటే ఆ రెండో సగం జారిపోతోంది. మంచి మాట మీకు తడితే చెప్పండి.

ఈ మొత్తం కృషి చివరకు ఎక్కడికి చేరింది? ఐక్యరాజ్య సమితి 'సీడా' కమిటీ తన ఐచ్ఛిక ఒడంబడిక కింద జరిపిన మొట్టమొదటి విచారణ హ్వారెజ్ మీదనే. కమిటీ సభ్యులు 2003 అక్టోబరులో అక్కడికి వెళ్లారు, 2005లో నివేదిక వచ్చింది. పత్తి చేనులో దొరికిన ముగ్గురు అమ్మాయిల తల్లులు వేసిన కేసులో అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కోర్టు 2009 నవంబరు 16న తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు హంతకుడెవరో చెప్పలేదు. అది ఆ కోర్టు పని కాదు. ఫిర్యాదు వచ్చిన నిమిషం నుంచి రాజ్యం ఏం చేసిందీ, ఏం చెయ్యలేదూ గంటలవారీగా చూసింది. ఇలాంటి హత్యలు జరుగుతున్న ఊళ్లో ఒక ఆడపిల్ల కనబడటం లేదని తల్లి వచ్చి చెప్తే, ఆ మొదటి గంటల్లోనే వెతకడం రాజ్యం బాధ్యత అన్నది. బాయ్‌ఫ్రెండ్‌తో వెళ్లి ఉంటుందన్న ఆ మాటను వివక్షకు సాక్ష్యంగా తీసుకున్నది. నోటిమాటగా పోవలసిన ఆ వాక్యం అంతర్జాతీయ తీర్పులోకి ఎలా ఎక్కింది? తల్లులు దాన్ని గుర్తుపెట్టుకున్నారు. ఏ తేదీన, ఎవరితో అన్నారో సంఘాలవాళ్లు, వకీళ్లు, విలేకరులు రాసి పెట్టారు.

మన దగ్గర లలితకుమారి కేసులో 2013 నవంబరులో సుప్రీంకోర్టు, కేసు పెట్టదగ్గ నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అన్నది. అదే ఏడాది మేలో, పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే అపహరణగా భావించి కేసు పెట్టాలన్నది. అయినా 2019 ఏప్రిల్‌లో యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో ఒక బాలిక శవం బావిలో దొరికాక గానీ, అంతకుముందు కనబడకుండా పోయిన ఇంకో ఇద్దరు పిల్లలు కూడా ఆ బావుల్లోనే ఉన్నారని తెలియలేదు. మొదటి పిల్ల పోయినప్పుడు ఎవరు ఏమన్నారో రాసిన కాగితం ఎవరి దగ్గరైనా ఉందా?

అందుకని మీరు నివేదికలు రాసేటప్పుడు, ఎవరు చంపారన్న ప్రశ్న ఎలాగూ అడుగుతారు, అడగండి. దానితో పాటు తల్లి స్టేషన్‌కు ఎన్నిసార్లు వెళ్లింది, ఏ రోజు, ఎన్ని గంటలకు, బల్ల వెనక ఎవరున్నారు, ఏమన్నారు, రసీదు ఇచ్చారా - ఇవి ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆమెకు తేదీ గుర్తుండదు. అమావాస్య ముందు రోజు అంటుంది, సంతరోజు అంటుంది, పెద్దదాని పరీక్ష రోజు అంటుంది. వాటిని తేదీలుగా మార్చుకోవడం మన పని. పిల్ల వేసుకున్న బట్టల రంగు, చెప్పుల రకం, చెవిపోగు కూడా రాయండి. హ్వారెజ్‌లో చాలామంది తల్లులు గుర్తుపట్టింది ముఖాన్ని కాదు, చెప్పును, జాకెట్టును.

తీర్పు ఆదేశించినట్టు ఆ పత్తి చేనులో ఒక స్మారకం కట్టి 2011 నవంబరులో ప్రారంభించారు. విచారణ జరగకుండా విగ్రహం ఎందుకని అడిగిన తల్లులు ఉన్నారు.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన కార్యకర్తలు తమ మండలంలో కిందటేడు కనబడకుండా పోయిన ఒక అమ్మాయి ఫిర్యాదు కాగితాలు తెచ్చారు. తేదీల్లో ఏదో తేడా ఉందంటున్నారు. భోజనాలకు ముందు వాటిని అందరం కలిసి చూద్దాం.